సంక్రాంతి సెలవుల్లో ఇంట్లోవాళ్ళతో పది నిమిషాల ఫిల్మ్: ఎక్కడ దెబ్బ తింటాం?

మామ్మగారిమనవడు

అందరికీ నమస్కారం. విజువల్ కమ్యూనికేషన్ రెండో ఏడాది చదువుతున్నాను. ఫిబ్రవరి మొదటి వారంలో కాలేజీకి పది నిమిషాల కథాచిత్రం ఇవ్వాలి. మాది భీమవరం దగ్గర పల్లె. పండక్కి అందరూ ఇంట్లోనే ఉంటారు కాబట్టి భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజుల్లో తీసేద్దామని అనుకుంటున్నాను.

కథ చిన్నదే. షుగరున్న మామ్మ బియ్యం డ్రమ్ము వెనక స్టీలు డబ్బాలో అరిసెలు దాచుకుని రాత్రిపూట తింటుంటుంది. మనవడు కనిపెడతాడు. ఒక రాత్రి కరెంటు పోయినప్పుడు ఇద్దరూ వంటింట్లో ఎదురుపడతారు. మామ్మగా మా మామ్మ (74 ఏళ్ళు), మనవడిగా బాబాయి కొడుకు (9 ఏళ్ళు), కోడలిగా అమ్మ. మిగతా పనికి నాన్న, మోటారు వైండింగ్ షాపున్న బాబాయి, చెల్లి, నా క్లాసువాళ్ళు ఇద్దరు.

మిర్రర్‌లెస్ కెమెరా రెండు రోజులకే దొరుకుతుంది. నా ఫోను, చిన్న రికార్డరు, ఒక కాలరు మైకు ఉన్నాయి. లైట్లు ఏమీ లేవు. చేతిలో 12 వేలు. షెడ్యూలు, సౌండు, కరెంటు పోయే సీను, ఎప్పుడూ నటించని వాళ్ళతో చేయించడం, ఈ నాలుగింటి మీద సలహా కావాలి.

కాల్‌షీట్

ముందు ఆ మూడు రోజుల ఆలోచన మానేయండి. పండగ రోజుల్లో ఇంట్లో అందరూ ఉంటారు గానీ ఒక్కరూ ఖాళీగా ఉండరు. పైగా తెల్లారకముందే గుడి మైకు, పగలంతా కోడిపందేల బరి దగ్గర మైకు, సాయంత్రం పక్కింటి పాటల పెట్టె. గోదావరి జిల్లాల్లో ఆ మూడు రోజులూ డైలాగు రికార్డు చేయడం అయ్యే పని కాదు. కనుమ నాడు కాకైనా కదలదంటారు కదా, చుట్టాలు కూడా కదలరు. హాల్లో పది జతల చెప్పులు, మంచాల మీద బ్యాగులు. ముక్కనుమ వెళ్ళాక, చుట్టాలు బయల్దేరిన మర్నాటి నుంచి రెండు రోజులు పెట్టుకోండి. నెలగంట నెల కూడా అయిపోయి ఉంటుంది కాబట్టి గుడి మైకు తగ్గుతుంది.

పండగని వదిలేయమని కాదు. ముగ్గులు, గొబ్బెమ్మలు, హరిదాసు, గంగిరెద్దు, అరిసెలు వత్తే చెక్కలు, వీటిని సౌండుతో పని లేని షాట్లుగా ఆ మూడు రోజుల్లోనే ఫోన్లో తీసి పెట్టుకోండి. ఒక చిక్కుంది. వాకిట్లో ముగ్గు రోజుకొకటి మారుతుంది. గుమ్మం కనిపించే షాటు తర్వాత కూడా ఉంటే ఆ ముగ్గుని పైనుంచి ఫోటో తీసి, షూటింగు రోజు పొద్దున అదే ముగ్గు వేయించాలి. చుక్కల లెక్కతో సహా.

ఇక షాట్ల లెక్క. లైటు సర్దడం, ఒక రిహార్సలు, మూడు నాలుగు టేకులు కలిపితే కొత్త టీముకి ఒక్కో షాటు 35 నుంచి 40 నిమిషాలు తింటుంది. భోజనం, టీలు పోను రోజుకి 12 నుంచి 14 షాట్లు. అంటే రెండు రోజులకి 28 దాటవు. పది నిమిషాలు అంటే 600 సెకన్లు, ఒక్కో షాటు సగటున 21 సెకన్లు నిలబడాలి. కాబట్టి ప్రతి డైలాగుకీ కట్ అని రాసుకోకుండా ఒకే ఫ్రేములో మనుషులు కదిలేలా రాసుకోండి. ఫోన్లో తీసే చేతులు, డబ్బా, గడియారం లాంటి ముక్కలు ఈ లెక్కలోకి రావు.

మీ పోస్టులో ఎవరూ గమనించనిది ఒకటుంది. కోడలు పాత్ర అమ్మది, సెట్టేమో వంటిల్లు. మరి ఆ రెండు రోజులూ వంట ఎవరు చేస్తారు, ఎక్కడ చేస్తారు? ఒక టేకులో పోపు పెట్టిన గిన్నె ఇంకో టేకుకి కడిగి బోర్లించి ఉంటే షాటు పోయినట్టే. ఒక సింగిల్ స్టవ్వు పెరట్లోకి మార్చి, పిన్నికో అత్తకో ముందే చెప్పి, వంటిల్లు రెండు రోజులు తాళం వేసినట్టు ఉంచండి. పది మందికి మధ్యాహ్నం పులిహోర, పెరుగన్నం చాలు, కిలోన్నర బియ్యం సరిపోతాయి. టీ మాత్రం తక్కువ చేయొద్దు. పది మందికి నాలుగు సార్లు అంటే నాలుగు లీటర్లు, అందులో సగం పాలు. ఫ్లాస్కులో పోసి పెడితే ప్రతిసారీ స్టవ్వు వెలిగించి జనం అక్కడ గుమిగూడరు.

ఎవరి పని ఏమిటో ముందు రోజే కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. చెల్లికి పలకా సుద్దముక్కా ఇచ్చి క్లాపు (తర్వాత బొమ్మనీ సౌండునీ కలపడానికి గుర్తు), టేకుల చిట్టా అప్పగించండి. సీను, షాటు, టేకు నంబరు, బాగుందా లేదా, అంతే. నాన్నకి గేటు, ఫోన్లు, పక్కిళ్ళు. గంటసేపు మిక్సీ వేయొద్దనీ మోటారు ఆన్ చేయొద్దనీ పక్కింటివాళ్ళని అడగడం పెద్దవాళ్ళు అడిగితేనే జరుగుతుంది. చీర కుచ్చిళ్ళు, కొంగు ఏ భుజాన, గాజులెన్ని అనేవి అమ్మకంటే బాగా ఎవరూ పట్టుకోలేరు, తను ఫ్రేములో లేని షాట్లకి కంటిన్యుటీ, అంటే షాటుకీ షాటుకీ అన్నీ ఒకేలా ఉన్నాయా అని చూసే పని, ఆవిడకే ఇవ్వండి. ప్రతి సీను మొదట్లో, చివర్లో ప్రతి మనిషికీ నిలువెత్తు ఫోటో ఒకటి. మల్లెపూలు పెట్టొద్దు, రెండు గంటల్లో వాడిపోతాయి. చామంతి నిలుస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం: నటించేవాళ్ళతో మాట్లాడేది మీరొక్కరే. కెమెరా వెనక నుంచి నాన్న, బాబాయి తలో మాటా చెప్తుంటే మామ్మ ఎవరి మాట వినాలో తెలియక చివరికి కెమెరా వైపు చూస్తుంది.

బూజుకర్ర

సౌండు గురించి. కాలేజీ ఫిల్ములు చూడటం మానేసేది బొమ్మ వల్ల కాదు, మాట వినపడక.

ఒక్క కాలరు మైకే ఉందంటున్నారు. అది మామ్మకి పెట్టండి, నెమ్మదిగా మాట్లాడేది ఆవిడే. గడ్డం కింద జానెడు దూరంలో, కొంగు లోపలి అంచుకి, సర్జికల్ టేపుతో. మైకు కింద వైరుని చిన్న చుట్టు చుట్టి ఇంకో టేపు వేయండి, లాగినప్పుడు టకటక రాదు. గంజి పెట్టిన నేతచీర, పట్టుచీర వద్దు, కదిలితే చాలు గరగర. బాగా ఉతికి మెత్తబడ్డ పాత కాటన్ చీర మేలు. పుస్తెలతాడు మైకుకి తగలకుండా చూసుకోండి. అమ్మ గాజు గాజులు వేసుకుంటే చేతికి రెండేసి ఉంచి, మోచేతి వైపు నెట్టి మధ్యలో దారం చుట్టండి.

పిల్లాడికీ అమ్మకీ రికార్డరునే బూమ్‌గా, అంటే కర్ర చివర వేలాడే మైకుగా వాడండి. సాగే అల్యూమినియం బూజుకర్ర చివర చీపురు తీసేసి, రికార్డరుని రబ్బరు బ్యాండ్ల ఊయలలో వేలాడదీయండి. నేరుగా కర్రకి కట్టేస్తే చేయి జారిన ప్రతి చప్పుడూ ఎక్కుతుంది. ఫ్రేము పై అంచుకి కాస్త పైన, మాట్లాడేవాళ్ళ ముందు వైపు నుంచి, ఛాతీ వైపు వంచి. దూరం రెండు అడుగులు దాటితే గది గోడల మోత మొదలవుతుంది. రికార్డరు సెట్టింగు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. గట్టిగా మాట్లాడినా మీటరు మైనస్ 12 డీబీ దగ్గర ఆగేలా పెట్టండి. అరుపు ఉన్న డైలాగు ఉంటే రిహార్సల్లో నిజంగా అరవమని చూసుకోండి, రిహార్సల్లో అందరూ గొంతు తగ్గిస్తారు.

ఇంట్లో మనకి వినపడకుండా మైకుకి వినపడేవి ఇవీ: ఫ్రిజ్, సీలింగ్ ఫ్యాను, గోడ గడియారం, ఇన్వర్టరు. ఫ్రిజ్ ప్లగ్గు పీకేశాక బండి తాళాలు ఫ్రిజ్‌లో పెట్టండి. రాత్రి ఇంటికి వెళ్ళబోయేవాడికి తాళం కావాలి కాబట్టి మళ్ళీ ఆన్ చేయడం మర్చిపోరు, పాలు విరగవు. ఫ్యాను ఆపాక రెక్కలు పూర్తిగా నిలిచేదాకా ఆగి అప్పుడే రోల్ అనండి.

రెండు విషయాలు అస్సలు మర్చిపోవద్దు. ఒకటి, ప్రతి గదిలో సీను అయ్యాక అందరినీ ఉన్నచోటే నిలబెట్టి నిమిషం పాటు ఖాళీ గది శబ్దం రికార్డు చేయడం. ఎడిటింగ్‌లో డైలాగుల మధ్య అతుకులు కనపడకుండా ఉండేది దాంతోనే. రెండు, బాగున్న టేకు అయిన వెంటనే కెమెరా ఆపేసి, అదే చోట అదే ఊపులో డైలాగులు మాత్రం మైకుకి దగ్గరగా రెండుసార్లు చెప్పించడం. తర్వాత డబ్బింగు చెప్పిద్దాంలే అనుకోవద్దు. అలవాటు లేనివాళ్ళు పెదవికి మాట కలపలేరు, కలిపినా వార్తలు చదివినట్టు ఉంటుంది.

మీ కథకి ప్రాణం ఆ స్టీలు డబ్బా మూత. అది తెరిచే చప్పుడు విడిగా, మైకు అరడుగు దూరంలో పెట్టి, ఒక పదిసార్లు రకరకాలుగా రికార్డు చేయండి. మెల్లగా, బిగుసుకుపోయి, జారిపడి.

రెండోఫేజు

లైట్లు లేకపోవడం పెద్ద సమస్య కాదు, ఉన్న బల్బులు వణకడమే సమస్య. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే బల్బు సెకనుకి వందసార్లు హెచ్చుతగ్గులవుతుంది. షట్టరు (ఒక్కో ఫ్రేముకి వెలుగు పడే సమయం) సెకనులో 1/50 గానీ 1/100 గానీ ఉంటే గీతలు రావు. ఫోన్లు మామూలుగా సెకనుకి 30 ఫ్రేములు, ఆటో షట్టరు, అందుకే గోడ మీద నల్ల పట్టీలు పాకుతాయి. కెమెరాకీ ఫోనుకీ 25 ఫ్రేములు, 1/50 పెట్టి కదపకండి. ఫోన్లో బ్లాక్‌మ్యాజిక్ కెమెరా అనే ఉచిత యాప్ ఉంది, ఫ్రేములు, షట్టరు, ఐఎస్ఓ (వెలుగుని ఎంత పెంచి చూపాలో), కెల్విన్ (వెలుగు రంగు కొలత) అన్నీ చేత్తో బిగించేయొచ్చు. చౌక ఎల్‌ఈడీ బల్బులు కొన్ని దీనికీ లొంగవు. కొనేముందు కొట్లోనే వెలిగించి ఫోన్ స్లో మోషన్లో తీసి చూడండి, టపటప కొట్టుకుంటే వదిలేయండి. బల్బు వెలుగు తగ్గించాలని ఫ్యాను రెగ్యులేటరుకి కలపొద్దు, మామూలు ఎల్‌ఈడీ అలా తగ్గదు, వణుకుతుంది. దూరం జరపండి. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతు.

షామియానా కొట్టు నుంచి హాలోజన్ ఫోకస్ లైట్లు తేవాలని ఎవరైనా అంటారు. 500 వాట్ల హాలోజన్ చిన్న వంటింటిని పది నిమిషాల్లో పొయ్యి చేసేస్తుంది, దాని ముందు బటరు పేపరు పెడితే అంటుకుంటుంది. తప్పనిసరైతే ఫ్రిజ్ నడిచే 16 ఆంపియర్ల పాయింటు నుంచే తీయమని మీ బాబాయికి చెప్పండి, ఆయనకి నేను చెప్పాల్సింది లేదు. పెళ్ళి పందిట్లో వేసే ఎల్‌ఈడీ ఫ్లడ్ లైట్లు ముఖాల మీద వేయొద్దు, చాలావాటిలో చర్మం పచ్చగా, జబ్బు మనిషిలా వస్తుంది.

కొనాల్సినవి ఇంతే: 9 వాట్ల వార్మ్ బల్బులు మూడు, 15 లేదా 20 వాట్ల తెల్ల బల్బు ఒకటి, హోల్డర్లు, పది మీటర్ల వైరు, పెద్ద థర్మోకోల్ షీట్లు రెండు, గుండ్రటి కాగితం లాంతరు ఒకటి, కిటికీలకి నల్ల గుడ్డ. థర్మోకోల్‌ని టేకు మధ్యలో జరపకండి, కీచుమంటుంది.

ఇప్పుడు కరెంటు పోయే సీను. నిజంగా మెయిన్ ఆపేయడం కాదు. కిటికీ బయట, మనిషి ఎత్తుకి పైన, తెల్ల బల్బు 6500 కెల్విన్‌ది కట్టండి. అది వెన్నెల, సీను మొత్తం వెలుగుతూనే ఉంటుంది. కెమెరా 4000 కెల్విన్‌లో పెడితే అది నీలంగా, కొవ్వొత్తి నారింజ రంగులో వస్తాయి. గదిలో మామూలు ట్యూబులైటు బదులు 9 వాట్ల వార్మ్ బల్బు. ఎక్స్‌పోజరు (బొమ్మ ఎంత వెలుగుగా రావాలో ఆ సెట్టింగు) ఎప్పుడూ చీకటి భాగానికే ముందు పెట్టుకోండి, మామ్మ ముఖం చీకట్లో ఎంత కనపడాలో చూసుకుని బిగించేయండి. ఆ తర్వాత గది బల్బు వెలిగిస్తే మరీ తెల్లగా కాలిపోతుంటే బల్బుని దూరం జరపండి, కెమెరాని ముట్టుకోవద్దు. బాబాయి స్విచ్ దగ్గర. మీరు సైగ చేస్తే ఆపాలి. నటులు లైటు పోయాక ఒక క్షణం ఆగి అప్పుడు కదలాలి. సాధారణంగా అందరూ ముందే పైకి చూసేస్తారు, అక్కడే దొరికిపోతాం.

ఇందులో ఒక చిక్కు ఉంది. కరెంటు ఉన్నప్పుడు ఫ్యాను తిరగాలి, కానీ సౌండు కోసం ఆపేశాం. ఫ్యాను ఫ్రేములో పెట్టకండి. గోడకి క్యాలెండరు ఉంచి, దాని కింది కాగితానికి సన్న దారం కట్టి మీ స్నేహితుడు పక్కనుంచి కదిలిస్తుంటాడు. లైటు పోయిన రెండు మూడు సెకన్లకి కదలిక తగ్గించి ఆపేయాలి. ఫ్యాను తిరిగే శబ్దం, ఆగుతూ నెమ్మదించే శబ్దం విడిగా రికార్డు చేసి ఎడిట్‌లో వేయండి. చూసేవాడికి ఫ్యాను ఆగిపోయిందని చెవితోనే తెలుస్తుంది.

కొవ్వొత్తులు ఒకే సైజువి పది కొనండి. ప్రతి టేకుకీ ఎత్తు తగ్గిపోతుంది, పెన్నుతో గీత పెట్టి ఆ గీత దాటితే కొత్తది. కొవ్వొత్తి ఒక్కటే ముఖానికి చాలదు. ఫ్రేము కింద, కొవ్వొత్తి ఉన్న వైపే, వార్మ్ బల్బుని థర్మోకోల్ మీద కొట్టించి ఆ వెలుగు ముఖం మీదికి రానివ్వండి. పక్కనే బకెట్ నీళ్ళు. పెద్దావిడ కొంగు, కొవ్వొత్తి, చీకటి, మూడూ ఒకచోట ఉన్నాయి కాబట్టి దగ్గర్లో ఒక మనిషి వేరే పని లేకుండా అదే చూస్తూ ఉండాలి.

మామ్మగారిమనవడు

చాలా థాంక్స్ అండీ. వంట సంగతి నిజంగానే తట్టలేదు. ఒక్క భయం. మా మామ్మకి నిజంగానే షుగరు ఉంది, మాత్రలు వాడుతుంది. అరిసె తినే షాటు ఎన్ని టేకులైనా అవ్వొచ్చు. ఏం చేయాలి? అలాగే పిల్లాడు డైలాగు చెప్తుంటే బడిలో పద్యం అప్పజెప్పినట్టు చెప్తున్నాడు.

కాల్‌షీట్

నిజం అరిసె ఒక్కటి కూడా తినిపించొద్దు. గోధుమపిండి గట్టిగా, చప్పగా కలిపి, అరిసె మందంలో వత్తి, డబ్బా మూతతో గుండ్రంగా కోసి, ఫోర్కుతో అంతటా గుచ్చి, నువ్వులద్ది, బాగా ఎర్రగా వేయించండి. గుచ్చకపోతే పూరీలా పొంగుతుంది. నూనెలోంచి తీయగానే అరిసెల చెక్కల మధ్య వత్తితే అచ్చం అరిసె ఆకారం వస్తుంది. రెండడుగుల దూరం నుంచి తేడా తెలియదు. డబ్బాలో కనిపించేవి, దగ్గరి షాటులో చేత్తో విరిచేవి మాత్రం నిజం అరిసెలు. విరిచినప్పుడు లోపలి మెత్తదనం గోధుమలో రాదు.

పన్నెండు టేకులు అనుకుని ఇరవై చేయించండి. వాటిని మూడు వరుసలుగా పెట్టుకోండి: మొత్తంది, ఒక కొరుకు కొరికింది, సగం. ఏ షాటుకి ఏ వరుస అన్నది చెల్లి చిట్టాలో ఉండాలి. చప్పటిదైనా పిండే కదా, కట్ అనగానే ఉమ్మేయడానికి ఫ్రేము పక్కన గిన్నె పెట్టండి. షూటింగు కోసం ఆవిడ భోజనం మాత్రం ఐదు నిమిషాలు కూడా వెనక్కి జరపొద్దు. మాత్ర వేసుకుని తినడం ఆలస్యమైతే షుగరు పడిపోవచ్చు. ఆవిడ షాట్లన్నీ టిఫిను తర్వాత రెండు గంటలు, సాయంత్రం దీపాలు పెట్టాక గంటన్నర, అంతే. రాత్రి సీనుకి అర్ధరాత్రి దాకా కూర్చోబెట్టక్కర్లేదు. జనవరిలో ఆరున్నరకే చీకటి.

మామ్మకి కాగితం ఇవ్వకండి. ఏం జరుగుతుందో చెప్పి, తన మాటల్లో తనని అననివ్వండి. మీరు రాసిన "నన్ను మోసం చేశావు" కంటే ఆవిడ నోటి నుంచి వచ్చేది బాగుంటుంది. చేతికి పని ఇవ్వండి: చిక్కుడుకాయ ఈనెలు తీయడం, వత్తులు చేయడం. పని ఉంటే కెమెరా గుర్తుండదు. తీసింది తనకి చూపించొద్దు, చూపిస్తే తర్వాతి టేకు నుంచి జుట్టు సర్దుకోవడం మొదలు. రిహార్సలు అని చెప్పి కెమెరా తిప్పేయండి, చాలాసార్లు పనికొచ్చేది అదే.

పిల్లాడికి ముందు రోజు డైలాగు నేర్పించడమే తప్పు. ఇంట్లో ఎవరో ఒకరు శ్రద్ధగా బట్టీ పట్టించి ఉంటారు, అది మాన్పించండి. టేకు ముందు ఒక్క వాక్యం చెవిలో చెప్పండి. ప్రతి టేకుకీ ఎదుటివాళ్ళ ప్రశ్న కొంచెం మార్చండి, అప్పుడు వాడు విని జవాబు చెప్తాడు. వాడి దగ్గరి షాట్లు ముందు, పెద్దవాళ్ళవి తర్వాత. కెమెరా వాడి కంటి ఎత్తులో, అంటే నేల నుంచి దాదాపు నాలుగడుగులు. సినిమాల్లో పిల్లల పనికి కేంద్ర నిబంధనల్లో ఉన్న లెక్క రోజుకి ఐదు గంటలు, విశ్రాంతి లేకుండా మూడు గంటలు మించకూడదు. మీది ఇంటి సినిమానే అయినా ఆ గీత దాటకండి. తొమ్మిదేళ్ళవాడు రెండు గంటలకే నీరసపడతాడు, ఆ తర్వాత తీసింది ఎడిట్‌లో ఎలాగూ పోతుంది.

కోత

ఎడిటింగ్ వైపు నుంచి కొన్ని.

కెమెరా సెకనుకి 100 మెగాబిట్ల 4కెలో తీస్తే నిమిషానికి 750 ఎంబీ. పది నిమిషాల సినిమాకి ఎనిమిది రెట్లు తీశారనుకోండి, 80 నిమిషాలు, 60 జీబీ. 64 జీబీ కార్డులు రెండు, వేరువేరు డిస్కులు రెండు. భోజనం టైములో ఒకసారి, రాత్రి ఒకసారి రెండింట్లోకీ కాపీ. రెండో కాపీలోంచి నాలుగు క్లిప్పులు తెరిచి చూశాకే కార్డు ఫార్మాట్ చేయాలి. ఈ పని ఒక్కరిదే, ఇద్దరి చేతిలో పెడితే ఇంకొకడు చేశాడులే అనుకుంటారు. ఫోనుతో తీసేటప్పుడు ఫ్లైట్ మోడ్. పండక్కి శుభాకాంక్షల ఫోన్లు ఆగవు, మధ్యలో కాల్ వస్తే రికార్డింగు ఆగిపోవచ్చు.

ఫోను మామూలు కెమెరా యాప్ ఫ్రేముల వేగం నిలకడగా ఉంచదు. విడిగా రికార్డు చేసిన సౌండు మొదట్లో కలిసి, రెండు నిమిషాలకి పెదవి నుంచి జారిపోతుంది. ఇప్పటికే అలా తీసినవి ఉంటే హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో స్థిర ఫ్రేమ్ రేటు ఎంచుకుని 25కి మార్చి, అప్పుడు ఎడిట్‌లోకి తెండి. ఎడిటింగ్‌కి డావిన్సీ రిజాల్వ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షను మీకు చాలు. ప్రాజెక్టు తెరవగానే, ఒక్క క్లిప్పు కూడా వేయకముందే 25 ఫ్రేములు పెట్టండి, తర్వాత మార్చనివ్వదు. కెమెరాలో 10 బిట్ 4:2:2 (రంగుల వివరం ఎక్కువుండే బరువైన రకం) ఎంచుకోకండి, పాత ల్యాప్‌టాప్ మీద అడుగు కదలదు. 8 బిట్టే తీసి ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం తేలికపాటి కాపీలు) చేసుకుని కోయండి.

పలక క్లాపు గురించి ఒక మాట. పలకని కెమెరాకి చూపించి, పక్కనే చప్పట్లు ఒక్కటే, గట్టిగా, చేతులు ఫ్రేములో కనపడేలా. మధ్యలో మర్చిపోతే షాటు చివర పలక తలకిందులు చేసి కొట్టండి, ఎడిట్‌లో అది చివరి క్లాపని తెలుస్తుంది.

తెలుగు టైటిళ్ళలో ఒత్తులు విడిపోతే కంగారు పడొద్దు. ప్రీమియర్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లో అయితే గ్రాఫిక్స్ సెట్టింగుల్లో దక్షిణాసియా టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకోవాలి. మిగతాచోట ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో టైటిలు చేసి, వెనక ఖాళీ ఉన్న పీఎన్‌జీ బొమ్మగా తెచ్చి పెట్టేయడం తేలిక.

హాల్లో టీవీ ఉంటే మ్యూట్‌లో ఉంచండి, దాని వెలుగు చాలు. సీరియల్ మాటలు, సినిమా పాట వెనకాల వినపడితే యూట్యూబ్‌లో క్లెయిము పడుతుంది, పోటీలకి పంపితే హక్కుల కాగితం అడుగుతారు. ఎడిట్‌లో మీ పిన్నితోనో అత్తతోనో ఏడుపు డైలాగులు నాలుగు చెప్పించి టీవీలోంచి వచ్చినట్టు సన్నగా వేయండి. నటించినవాళ్ళందరి దగ్గరా, ఇంటివాళ్ళైనా సరే, ఒక పేజీ అంగీకార పత్రం రాయించుకోండి. పిల్లాడి తరఫున బాబాయి, పిన్ని సంతకం.

రెండోఫేజు

కాల్‌షీట్ గారూ, రాత్రి సీను ఆరున్నర తర్వాత అన్నారు, అది సరే. కానీ నా లెక్కలో వంటింటి సీను పగలే తీసేయడం మేలు. కిటికీకి నల్ల గుడ్డ వేసి, గుడ్డకీ కిటికీకీ మధ్య ఆ తెల్ల బల్బు పెడితే వెన్నెల మధ్యాహ్నం రెండింటికే వస్తుంది. మామ్మకీ పిల్లాడికీ నిద్ర ముంచుకురాదు.

బూజుకర్ర

పగలైతే కాకులు, కూరగాయల బండి. రాత్రి సీనులో కాకి అరిస్తే ఏ ఎడిటరూ తీయలేడు.

రెండోఫేజు

ఒప్పుకుంటాను. అయితే మాటల్లేని షాట్లు పగలు, మాటలున్నవి చీకటి పడ్డాక.

మామ్మగారిమనవడు

అలా అయితే మాటలున్న రాత్రి షాట్లు ఐదే తేలాయి, గంటన్నరలో మామ్మతో ఐదూ అవుతాయా? వంటిల్లు ఎనిమిదడుగులకి పది. కెమెరా ఎక్కడ పెట్టాలో కూడా తెలియట్లేదు.

కాల్‌షీట్

షాటుకి 35 నిమిషాలు లెక్కేస్తే ఐదూ కావు, కానీ లైటు అదే, చోటు అదే అయినప్పుడు లెక్క తగ్గుతుంది. మామ్మ రాకముందే ఆవిడ ఎత్తున్న మనిషిని, మీ స్నేహితుడినో పిన్నినో, అదే చోట కూర్చోబెట్టి లైటు, ఫోకసు, బూమ్ అన్నీ సర్దేయండి. ఆవిడ వచ్చి కూర్చోగానే రోల్. అలా మూడు షాట్లు ధీమాగా అవుతాయి. నాలుగోది మర్నాడు సాయంత్రానికి. ఐదోది నిజంగా కావాలా అని స్క్రిప్టు మళ్ళీ చూడండి.

కెమెరా లోపల పెట్టకండి. పెరటి గుమ్మంలోనో, హాల్లోంచి గుమ్మం చట్రంలోనో పెట్టండి. ఫోన్లో అల్ట్రావైడ్ ముట్టుకోవద్దు, అంచుల్లో ముఖాలు సాగిపోతాయి. గుమ్మంలోంచి చూస్తే పిల్లాడు మామ్మని చాటుగా చూస్తున్నట్టే ఉంటుంది, మీ కథకి కావాల్సిందీ అదే. బియ్యం డ్రమ్ముని మాత్రం గుమ్మానికి ఎదురుగా ఉన్న గోడ దగ్గరికి జరిపించండి. అమ్మని అడిగి.